బూరుగు దూదిలో మా అన్న ర్యాకు

మేడ మీద గదిలో ఆరేళ్లుగా అద్దెకున్న శ్రావణి, కొచ్చికి వెళ్లిపోతున్నానని చెప్పిన పూట నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. కిందికి దిగి రాలేదు, మెట్ల మధ్యలో నిలబడే చెప్పింది. "వచ్చే గురువారానికి లారీ మాట్లాడాను పెద్దమ్మా" అంది. మంచిదే బిడ్డా అన్నాను. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నానో గానీ, లేచి చూసుకుంటే ఈనెలన్నీ గిన్నెలో, కాయలన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి.

శ్రావణి వాళ్లది తణుకు వైపు. వాళ్ల నాన్న ఎప్పుడో వచ్చి కూకట్‌పల్లిలో మందుల షాపు పెట్టుకున్నాడు. ఈ పిల్ల మాత్రం గొంతు మీద బతుకుతుంది. పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది, ప్రకటనలకు గొంతు ఇస్తుంది, బొమ్మల సినిమాల్లో చిన్నపిల్లలకు, ముసలమ్మలకు, ఒకోసారి కోతులకు కూడా తనే మాట్లాడుతుంది. మా సికింద్రాబాదు కార్ఖానా సందులో పొద్దస్తమానం ఏదో ఒక బండి హారను కొడుతూనే ఉంటుంది గనుక, వచ్చిన కొత్తలోనే గోడలకు బొంతలు వేలాడదీసుకుంటానంది. అటక మీద మా నాయన కుట్టిన పాత పరుపులు నాలుగుంటే వాటిని విప్పి, పలచగా పరిచి, బొంతలుగా నేనే కుట్టి ఇచ్చాను. రికార్డింగు మొదలుపెట్టే ముందు ఆ పిల్ల నేల మీద రెండుసార్లు కాలితో తట్టేది. ఇక అప్పటినుంచి నేను మిక్సీ వేయకూడదు, కుక్కరు పెట్టకూడదు, బకెట్లో నీళ్లు పడనివ్వకూడదు. మళ్లీ రెండుసార్లు తట్టాక నా వంటిల్లు ఊపిరి తీసుకునేది. ఆరేళ్లు నా పచ్చళ్లన్నీ ఆ కాలి చప్పుడును బట్టే నూరుకున్నాను. వింటే నవ్వుతారు గానీ, నాకు పిల్లలు లేరు, మా ఆయన పోయి పన్నెండేళ్లయింది, అట్లాంటి మనిషికి ఇంట్లో చప్పుడు చేయొద్దని చెప్పేవాళ్లు ఒకరుండడం కూడా భాగ్యమే.

ఆ పిల్లకున్న ఆస్తంతా ఒక ర్యాకు. నడుమెత్తు నల్లటి ఇనుప చట్రం, దానిలో ఒకదాని కింద ఒకటి ఐదు యంత్రాలు బిగించి ఉంటాయి. అన్నిటికంటే కింద ఆంప్లిఫైయరు, అది తడిసిన పరుపంత బరువు. కొచ్చిలో స్నేహితురాలితో కలిసి స్టూడియో పెడుతోంది. సోమవారం మొదటి పని. పని ఇచ్చినవాళ్లు స్వయంగా వచ్చి కూర్చుంటారట. ఆ రోజు యంత్రం పలకకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. ఇక్కడున్న పనులన్నీ వదులుకుని పోతోంది గనుక వెనక్కి తిరిగినా ఏమీ ఉండదు. ఇదంతా ఆ పిల్ల మెట్ల మీద నిలబడి చెప్పలేదు, మరునాడు నా వంటింట్లో పీట మీద కూర్చుని, వేరుశనగలు నములుతూ, భయం భయంగా చెప్పింది.

సామాను కట్టడానికి మంగళవారం ఒక మనిషి వచ్చాడు. పేరు యాదగిరి. చేతి నిండా స్పాంజి షీట్లు, టేపు చుట్టలు. నేను టీ తీసుకుని మెట్లెక్కేసరికి, ర్యాకును ర్యాకులాగే ఉంచి చుట్టూ స్పాంజి చుట్టి, అట్టపెట్టె బోర్లించేస్తానంటున్నాడు. "మేడం, మీరు టెన్షన్ దీసుకోకుండ్రి. పువ్వు లెక్క పోతది" అన్నాడు. శ్రావణి స్పాంజిని రెండు వేళ్లతో నొక్కి, "మెత్తగానే ఉంది కదా పెద్దమ్మా?" అని నా మొహం చూసింది. నాకు చెప్పాల్సిన మాట తెలుసు. నాలుక చివర ఉంది. కానీ గ్లాసులు అక్కడ పెట్టి, ఏమీ అనకుండా కిందికి దిగి వచ్చేశాను.

ఎందుకు దిగి వచ్చానో చెప్పాలంటే మా నాయన ఇంటికి పోవాలి.

మేం దూదేకులవాళ్లం. పేర్లు సాయిబుల పేర్లు, నమాజు ఉంటుంది, ఇంట్లో మాట మాత్రం తెలుగే. మా నాయనకు కార్ఖానా రోడ్డు మీద పరుపుల దుకాణం. అందులో పైకప్పు నుంచి వేలాడే దూదేకే విల్లు, దాని నారి మీద కొయ్య గుదితో కొడుతుంటే టంయ్ టంయ్ మని సందు చివరిదాకా వినబడేది. కంటోన్మెంటు బంగళాల నుంచి, మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి పరుపులు వచ్చేవి. దూది మా ఇంట్లో నాలుగో మనిషిలాగా తిరిగేది, ఎందుకంటే మేం ముగ్గురమే. అమ్మ నాకు ఆరో ఏట పోయింది. నాయన, నేను, నా కంటే పదేళ్లు పెద్దవాడైన దస్తగిరన్న. దూది మాత్రం పప్పులో, పాలమీద మీగడలో, నా జడలో, నాయన కనురెప్పల మీద ఉండేది. నాయన ఇంటికి రాగానే బావి దగ్గర కూర్చుని ముక్కుతో నీళ్లు ఎగబీల్చి చీది, ఆ తర్వాత బెల్లంముక్క నోట్లో వేసుకునేవాడు. గొంతులో చిక్కుకున్న నూగు దాంతో దిగిపోతుందని ఆయన నమ్మకం. ఆ బెల్లం కరిగేదాకా ఎవరేం అడిగినా జవాబు ఉండేది కాదు. పచ్చిదూదికి ఒక వాసన ఉంటుంది, నూనె వాసన లాంటిది, ఎండలో ఆరేసిన ధాన్యం వాసన లాంటిది. నాయన చొక్కా అంటే నాకు అదే.

అన్నది వేరే వాసన. టంకం వేసేటప్పుడు లేచే పొగ వాసన. చిన్నప్పుడే దూది నూగు పడక దగ్గేవాడని నాయన విల్లు దగ్గరికి రానివ్వలేదు. పెద్దయ్యాక రమ్మంటే అన్న రాలేదు. పెళ్లిళ్లకు, సభలకు మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో చేరి, కొన్నాళ్లకు సొంత సెట్టు పెట్టుకున్నాడు. ఊళ్లో అందరూ ఆంప్లిఫైయర్లను బల్ల మీద పరిచి పెడుతుంటే, అన్న మాత్రం ఏదో ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూసి, వెల్డింగు షాపులో కోణపు ఇనుముతో చట్రం చేయించి, యంత్రాలన్నీ ఒకదాని మీద ఒకటి బిగించాడు. ప్రతి యంత్రానికీ ముందు పలకకు రెండు వైపులా రెక్కలు ఉండేవి. వాటిని అన్న చెవులు అనేవాడు. ఆ చెవులకు నాలుగు మరలు, అంతే, వెనక ఏ ఆధారం లేకుండా అంత బరువూ చెవుల మీద వేలాడుతుంది. సాయంత్రం సెట్టు పరీక్షించాల్సి వచ్చినప్పుడు లోకమంతా ఒకటి రెండు మూడు అని లెక్కపెడితే, మా అన్న నా చేతికి మైకిచ్చి, "ఇయ్యాల ఏం వండినవో చెప్పు పీరీ" అనేవాడు. పదేళ్ల వయసు నుంచి వంట నాదే. నేను "బెండకాయ పులుసు" అనేదాన్ని. హారను సందంతా మోగేది. "ఎట్లుంది?" అని అన్న అడిగేవాడు. "మాడింది" అనేదాన్ని. ఎదురింటి కుట్టుపని యాకుబమ్మ కిటికీలోంచి, "మాకు వాసన ఎప్పుడో వచ్చింది తియ్యే, మైకు ఎందుకు?" అని అరిచేది. నాయన మాత్రం నవ్వేవాడు కాదు. బెల్లం బుగ్గన పెట్టుకుని గోడ వైపు చూసేవాడు. వాళ్లిద్దరి మధ్య తగాదా ఏమీ లేదు. తగాదా ఉన్నా బాగుండేది. అన్న యంత్రాలను నాయన ఏనాడూ చేత్తో ముట్టలేదు, అంతే.

బొల్లారం మిలిటరీ మెస్సులో పార్టీలకు అన్న సెట్టు పోయేది. అక్కడి మేజరు ఒకాయనకు ఆ ర్యాకు అంటే ముచ్చట. ఆయనకు అస్సాం వైపు బదిలీ అయింది. అక్కడ కొత్తగా కట్టిన హాలుకు ఆ ర్యాకునే తీసుకుంటాననీ, అన్న దాన్ని రైల్లో వెంటబెట్టుకుని వచ్చి, హాలు తెరిచే రోజున పలికించి చూపిస్తే అక్కడే సౌండు చూసుకునే ఉద్యోగం ఇప్పిస్తాననీ అన్నాడు. ఏటా ఒక నెల సెలవు, రావడానికి పోవడానికి రైలు పాసు. అన్న ఆ కబురు చెప్పిన పూట ఇంట్లో ఎవ్వరూ అన్నం సరిగా తినలేదు. అన్నకు సంతోషంతో, నాకు వేరే దాంతో. నాయన సంగతి నాకు తెలియదు. ఆయన అన్నం ముందు కూర్చునే బెల్లం అడిగాడు.

చెక్కపెట్టె తయారై వచ్చాక అన్న రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు, యంత్రాలు విడదీయాలా, చట్రంతోనే పెట్టాలా అని. మూడో రోజు పొద్దున నాయన దుకాణం మూసి వచ్చేశాడు. పండుగలకు తప్ప మూయని దుకాణం.

"ఏందిరా, పిల్లి లెక్క గా పెట్టె చుట్టూ తిరుగుతున్నవ్? జరుగు పక్కకు. మూటగట్టుడు నాకు నేర్పుతవా?" అన్నాడు.

"నేర్పుడు గాదు నాయనా. జెర బరువెక్కువుంటది. తొవ్వలో కుదుపులు..."

"బరువుంటే ఏమైతది? మనుషులను మోస్తలేవా నా పరుపులు? పెండ్లాంమొగుళ్లను, పిల్లలను, అందరినీ కలిపి మోస్తున్నయ్. నీ డబ్బలు అంతకంటె ఎక్కువనా?"

అన్న పెట్టె దగ్గరి నుంచి పక్కకు జరిగాడు. మోండా మార్కెట్టుకు పోయి నాయన బూరుగు దూది తెచ్చాడు. పరుపు దూదికి విల్లు పెడతారు గానీ బూరుగు దూదికి పెట్టరు. బెత్తంతో కొట్టి, గింజ రాల్చి, చేత్తో పాయలు పాయలుగా విడదీయాలి. అంత మెత్తటి దూదిని రాజుల దిండ్లలోకి తప్ప వాడరని నాయన చెప్పేవాడు. నేనూ ఆయనా రెండు రోజులు కూర్చుని గింజలు తీశాం. పెట్టె అడుగున మోకాలెత్తున దూది పోసి, నాయన దాన్ని వేళ్లతో పొంగించాడు. సందులోవాళ్లంతా వచ్చి చేతులు పెట్టి చూశారు. యాకుబమ్మ మోచేతి దాకా ముంచి, "ఏమయ్యో, కొడుకును నౌకరికి పంపుతున్నవా, బిడ్డను అత్తగారింటికి సాగనంపుతున్నవా?" అంది. నాయన నవ్వాడు. ఆ మధ్యకాలంలో నేను చూసిన నవ్వు అదొక్కటే. అన్న ఆ నవ్వును చూశాడు, నేను అన్నను చూశాను.

ఆ మధ్యాహ్నం నాయన నమాజుకు పోయాడు, అన్న స్టేషనులో పార్సిలు రాయించడానికి పోయాడు. పెట్టె దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. పన్నెండేళ్ల పిల్లను, అంత తెల్లటి దూది కనబడితే ఆగగలనా? పావడా ఎగ్గట్టి లోపలికి దిగి కూర్చున్నాను. మొదట మబ్బులో కూర్చున్నట్టే ఉంది. నెమ్మదిగా దిగాను, ఇంకా దిగాను. తర్వాత నా తుంటి ఎముకకు చెక్క తగిలింది. చెక్కే కాదు, చెక్కలో పైకి లేచిన మేకు తల కూడా తెలిసింది. అప్పుడు నేను ఒక మూట బియ్యమంత బరువు కూడా ఉండను. ఆ ర్యాకును ఎత్తాలంటే నలుగురు కావాలి.

పరుపులింట్లో పుట్టిన పిల్లకు అది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మనిషి పరుపు మీద పరుచుకుని పడుకుంటాడు, తన బరువును తానే పంచుకుంటాడు. ఇనుము అట్లా చేయదు. పైగా పరుపుకు కుట్టు ఉంటుంది, గుబ్బలు గుబ్బలుగా దారం బిగించి ఉంటుంది గనుక దూది పక్కకు పారిపోదు. ఈ దూదికి కుట్టు లేదు. మొదటి కుదుపుకే ఇది నాలుగు మూలలకూ తప్పుకుంటుంది, యంత్రం చెక్క మీద పడుతుంది, చెవులు ఊడిపోతాయి. ఇన్ని మాటల్లో అనుకున్నానని కాదు. తుంటికి తగిలిన చెక్క ఇదంతా ఒక్కసారి చెప్పింది. దాని వెనకనే ఇంకో సంగతి కూడా తోచింది. విరిగితే అన్న వచ్చేస్తాడు. ఉద్యోగం ఉండదు, నాలుగు రోజుల్లో రైలెక్కి ఇంటికి వచ్చేస్తాడు, మళ్లీ సాయంత్రం ఏం వండినవే అని అడుగుతాడు. నేను పెట్టెలోంచి దిగి, నేను కూర్చున్న గుంటను చేత్తో సవరించి, దూదిని ముందుకంటే మెత్తగా పొంగించి, పావడా దులుపుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

సాయంత్రం ర్యాకును దించే ముందు అన్న కూడా దూదిలో చేయి పెట్టాడు. మోచేయి దాటింది. వేళ్లకు అడుగు తగిలినట్టుంది, ఆగాడు. నాయన పెట్టెకు అటువైపు నిలబడి, పరుపు అప్పగించేటప్పుడు కొన్నవాళ్ల మొహం చూసినట్టు, అన్న మొహంలోకి చూస్తున్నాడు. "మస్తుగుంది నాయనా" అన్నాడు అన్న. నాయన తన చేతులతో, మొదటిసారి తన చేతులతో, ఆ యంత్రాన్ని పట్టుకుని దించాడు. పైన మళ్లీ దూది పోశాడు. సికింద్రాబాదు స్టేషనులో పెట్టెను పార్సిలు డబ్బాలోకి ఎక్కిస్తుంటే దాని మీద రెండుసార్లు అరచేత్తో తట్టి, "చేరంగనే కార్డు రాయి" అన్నాడు. అన్నకు చెప్పాడా పెట్టెకు చెప్పాడా అన్నట్టు ఉంది.

కార్డు మూడు వారాలకు వచ్చింది. నాయనకు చదువు రాదు, నాకు నాలుగో తరగతి దాకా వచ్చు. కూడబలుక్కుంటూ చదివాను. సామాను క్షేమంగా చేరింది, అన్నీ పలికినయి, నాయన దూది వల్ల ఒక్క గీత పడలేదు, నాకు పని దొరికింది. నాయన మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. నా మనసులో ఏముందంటే, దేవుడు నా చెడ్డ కోరికను వినలేదు, మంచివాడు. ఏడుపు కూడా వచ్చింది, అన్న ఇక రాడని. ఆ కార్డును నాయన చొక్కా జేబులో పెట్టుకుని అది చీలికలయ్యేదాకా దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "అస్సాం దాకా పోయింది, నా దూదిల పోయింది" అనేవాడు. బదిలీల మీద పోయే మిలిటరీవాళ్లు కప్పులూ సాసర్లూ కట్టించుకోవడానికి ఆయన దగ్గరికే రావడం మొదలైంది. కప్పులకు ఆ దూది సరిపోతుంది, అవి పగలకుండానే చేరేవి, నాయనకు ఇంకా గర్వం పెరిగేది. అన్న మాత్రం రాలేదు. సెలవు దొరకలేదని ఒక ఏడు, వరదలని ఒక ఏడు, ఒంట్లో బాగాలేదని ఒక ఏడు కార్డు వచ్చేది. నేను అన్నీ చదివేదాన్ని. నా పెళ్లికి కూడా కార్డే వచ్చింది.

నాయన పోయినప్పుడు వచ్చాడు. తంతి అంది, రైళ్లు మారి వచ్చేసరికి మట్టి కూడా అయిపోయింది. పదకొండేళ్ల తర్వాత చూడడం. ముందు నెత్తి మీద సగం జుట్టు లేదు, మాటలో ఏదో కొత్త యాస. మూడో రోజు ఫాతిహా చదివించాక బావి దగ్గర కూర్చున్నాం. "ఇప్పుడు చెప్పినా ఏం గాదు గని" అని మొదలుపెట్టాడు. పెట్టె తెరిచేసరికి యంత్రాలన్నీ ఒక మూలకు ఒరిగి ఉన్నాయట. పెద్ద ఆంప్లిఫైయరు చెవులు రెండూ చిరిగి, లోపలి ట్రాన్స్‌ఫార్మరు పట్టు ఊడి దొర్లుతోందట. గాలి రంధ్రాల్లోంచి దూది పోయి ఫ్యాను ముద్దకట్టిందట. మేజరు పక్కనే నిలబడి ఉన్నాడు గనుక తొందరలో, ఏమైనా పలుకుతుందేమో అని స్విచ్చి వేశాడు. పొగ వచ్చింది. హాలు తెరిచే రోజున వేరేవాళ్ల సెట్టు పెట్టారు. ఉద్యోగం లేదు. బజారులో రేడియోలు బాగుచేసే దుకాణంలో చేరి అక్కడే ఉండిపోయాడు.

"మరి రాకపోతివెందుకే అన్నా? రైలెక్కి వచ్చేస్తే అయిపోయేది గద!" అన్నాను.

"వచ్చి ఏం జెప్పాలె పీరీ? నీ దూదిల పెట్టినందుకే పలిగిందని చెప్పాలెనా? కార్డు సుత రాసేసిన. నాయన అది జేబుల పెట్టుకొని తిరుగుతున్నడని నువ్వే రాస్తివి. నేను ఒట్టి చేతులతోని వస్తే ఆయన మొకం ఎట్లుంటది?"

"పోకముందే చెప్పకపోతివి. నువ్వు చేయి పెట్టి చూసినవ్ గద."

అన్న బావి గిలక వైపు చూశాడు. "నా సామాను నాయన మొదటిసారి ముట్టిండు" అన్నాడు.

అంతే. నేను కూర్చుని చూశానని, నాకు చెక్క తగిలిందని ఆ రోజు చెప్పలేకపోయాను. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు, అప్పుడూ చెప్పలేదు. ఆరేడేళ్ల కిందట అక్కడే పోయాడు. ఎన్నిసార్లు లెక్కేసుకున్నానో. అన్నకు మొహమాటం ఉంది, నాకు లేదు. ఆడపిల్లను, చిన్నదాన్ని, నాయనకు ముద్దు. నాయనా, కూర్చుంటే అడుగు తగులుతోంది అని నేనంటే ఆయన కోప్పడేవాడు కాదు. "అవునా?" అనేసి, సూది తీసి కుట్టు వేసేసేవాడు. అన్న పని అన్నకు దొరికేది, ఏటా ఒక నెల, రైలు పాసు మీద, మా ఇంట్లో ఉండేవాడు. ఆపుకుందామనుకుని నేను మా అన్నను పోగొట్టుకున్నాను.

ఆ మంగళవారం వంటింట్లో పీట మీద కూర్చున్నప్పుడు నాకు అరవై నాలుగేళ్లు. అయినా అదే పన్నెండేళ్ల బుద్ధి. పైన టేపు చర్రుచర్రుమని చింపుతున్న చప్పుడు వస్తోంది. పలకకపోతే పని పోతుంది, పని పోతే ఈ పిల్ల ఎక్కడికి పోతుంది? మేడ ఖాళీగానే ఉంటుంది కదా. ఇది అనుకున్నాను, దాచుకోను. మూడో చుట్ట చింపిన చప్పుడుకు లేచాను. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాను.

"జెర ఆగు నాయనా. ఆ టేపు ఇప్పు" అన్నాను.

యాదగిరి నన్ను చూసి నవ్వాడు. "అమ్మా, నేను రోజుకు రెండిండ్లు ఖాళీ చేయిస్త. టీవీలు, ఫ్రిజ్‌లు, గాజు బీరువలు, ఎన్ని పోలేదు!"

"పోయుంటయ్. గా స్పాంజి రెండు మడతలు నేల మీద వేసి కూసో."

"నేనా?"

"నువ్వే. భయపడకు, లారీ ఎక్కియ్య నిన్ను."

కూర్చున్నాడు. ఏం తాకిందని అడిగాను. కాస్త సిగ్గుపడి, "నేల తాకిందమ్మా" అన్నాడు. "నువ్వు కూసుంటేనే తాకింది. గా ఇనుము దాని మీద వెయ్యి కిలోమీటర్లు కూసోవాలె" అన్నాను. శ్రావణి పకపకా నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయి, ర్యాకు వైపు చూసింది. "మరిప్పుడెలా పెద్దమ్మా? ఎల్లుండే లారీ!"

రెండు రోజులు నా ఇల్లు మళ్లీ దుకాణమైంది. మొదట యంత్రాల వెనకవైపు తీగలన్నీ ఫోనులో ఫొటో తీయించాను. ఏ తీగ ఏ రంధ్రంలోదో కాగితపు టేపు మీద అంకెలు వేయించాను. తర్వాత ఒక్కో యంత్రాన్నీ చట్రంలోంచి విప్పించాను, బరువైనదాన్ని అడుగున యాదగిరి రెండు చేతులూ పట్టి ఉంచితే తప్ప మర తీయనివ్వలేదు. ఏ యంత్రం మరలు దానికే, చిన్న గుడ్డసంచిలో వేసి దానికే కట్టాం. నూగు, దుమ్ము పోకుండా అన్నిటికీ ముందు ప్లాస్టిక్ కవరు. చేత్తో తిప్పే బిరడాలు నలగకుండా ముందు పలకకు పలచని చెక్క. మెత్తలకు దూది ఎక్కడిదంటే, గోడల మీది బొంతలే. ఎలాగూ కొచ్చికి తీసుకుపోదు. నాయన నాటి దూది, ఏళ్ల తరబడి నలిగి నలిగి ముద్దలు కట్టింది. పరుపుకు పనికిరాని ఆ దూదే దీనికి పనికొస్తుంది. మందపాటి గుడ్డతో చిన్న చిన్న మెత్తలు కుట్టి, వేలి కణుపు దిగనంత గట్టిగా కర్రతో కూరి, జానెడుకొక కుట్టు వేసి బిగించాను. చెక్కపెట్టెలో అడుగున, నాలుగు వైపులా, పైన అవి ఇరికించి యాదగిరి చేత పెట్టెను ఊపించాను. లోపల చప్పుడు లేదు, కదలిక లేదు. శ్రావణిని ఒక మెత్త మీద కూర్చోమన్నాను. కూర్చుని, కాస్త ఊగి, "రాయిలా ఉంది పెద్దమ్మా, నేల తగల్లేదు" అంది. రికార్డింగులు దాచుకున్న చిన్న డబ్బాలు మాత్రం లారీకి ఇవ్వొద్దు, నీ చేతిసంచిలో పెట్టుకో అన్నాను. చేరగానే స్విచ్చి వేయొద్దు, అక్కడ వాన, చెమ్మ, ఒక పూట అట్లాగే ఉంచి, మూత తీసి, లోపల ఏదైనా ఊడిందేమో చూసి, మరలు మళ్లీ బిగించి అప్పుడు వేయమన్నాను.

"ఇవన్నీ ఎవరు నేర్పారు పెద్దమ్మా?" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ. యాదగిరి భోజనానికి పోయాడు. నేను చెప్పాను. అన్న గురించి, నాయన గురించి, నేను పెట్టెలో కూర్చోవడం, గుంట సవరించడం, అన్నీ. జన్మలో మొదటిసారి చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. శ్రావణి సూదిని మెత్తకు గుచ్చి నా వైపు చూసింది.

"అప్పుడు మీకు పన్నెండేళ్లే కదా" అంది.

"చెక్క తగిలింది పన్నెండేండ్ల పిల్లకే బిడ్డా. సమజైంది సుత దానికే."

మరి కాసేపు కుట్టి, నవ్వు తెచ్చుకుని, "పోనీ ఇప్పుడూ ఊరుకోవాల్సింది. విరిగితే నేను తిరిగొచ్చేసేదాన్ని కదా" అంది.

"రావు. మా అన్న రాలే" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని నా చేతిలోంచి మెత్త తీసుకుని, మిగిలిన కుట్టు తనే వేసింది. వంకరగా వేసింది. నేను విప్పలేదు.

గురువారం లారీ పోయింది. శ్రావణి సాయంత్రం రైలుకు పోయింది. స్టేషనుకు వస్తానంటే వద్దంది, జనంలో నలిగిపోతారంది. అప్పట్లో ఒక మనిషి ఊరు వదిలితే సందులో సగం మంది ప్లాట్‌ఫారం మీద ఉండేవారు. ఇప్పుడు ఫోనులో లారీ ఎక్కడుందో చుక్క కనబడుతుంది. కర్నూలు దాటింది పెద్దమ్మా, బెంగళూరు దాటింది పెద్దమ్మా అని ఆ పిల్ల మెసేజీలు పెడుతూనే ఉంది. మూడు వారాలు కార్డు కోసం గుమ్మంలో కూర్చున్నదాన్ని, ఇప్పుడు పూటకోసారి కబురు. కబురు దగ్గరైందే గానీ, మనిషి పోవడంలో మార్పేమీ లేదు. పోయిన గది పోయినట్టే ఉంటుంది. శుక్రవారం పచ్చడి నూరబోయి, మిక్సీ మీద చేయి పెట్టి, పైకి చెవి పెట్టి నిలబడ్డాను. ఎవరూ వద్దనలేదు. నూరాలనిపించలేదు.

సోమవారం పదకొండింటికి ఫోను. "అన్నీ వెలిగాయి పెద్దమ్మా! అన్నీ పలికాయి! ఒక్క మర కూడా ఊడలేదు" అంటూ కేకలు. మూత తీసి చూసినవా అని అడిగాను. చూశానంది. పూట ఆగినవా అన్నాను. రాత్రంతా ఆగానంది. పని ఇచ్చినవాళ్లు వచ్చి కూర్చున్నారట, మొదటి విడతకే బాగుందన్నారట. ఆ మాటలు నాకు కొత్త కాదు. సామాను క్షేమం, అన్నీ పలికినయి. పన్నెండేళ్ల వయసులో ఇవే మాటలు కూడబలుక్కుని మా నాయనకు రెండుసార్లు చదివి వినిపించాను. అప్పుడు అవి అబద్ధం, ఇప్పుడు నిజం. ఫోను పెట్టేశాక మా నాయన ఉంటే బాగుండనిపించింది. ఆయనకు ఈ మాట మళ్లీ చదివి వినిపించేదాన్ని.

ఆ మధ్యాహ్నమే గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. బొల్లారం వైపు ఏదో ఆఫీసుకు కొత్తగా బదిలీ అయి వచ్చాడట, వెనక స్కూటరు మీద భార్య, ఒళ్లో పసిబిడ్డ. "మేడ మీద గది ఖాళీ అయిందని చెప్పారండీ" అన్నాడు. ఆ బిడ్డ నా వైపు చూసి గట్టిగా ఏడ్చింది. "లేదు బాబూ, ఉన్నరు. ఇంకా ఖాళీ గాలే" అన్నాను. సరేనండీ అని ఆయన స్కూటరు తిప్పుకున్నాడు. నేను లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు, పది అడుగులు నడిచేంతసేపు. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పోయి, మలుపు దగ్గర బండి దాటుకోవడానికి ఆగిన ఆ స్కూటరును చూసి, ఎప్పుడో మైకులో అరిచినంత గట్టిగా పిలిచాను. "ఓ బాబూ! ఆగుండ్రి! అయింది, ఖాళీ అయింది. వచ్చి చూసుకోండ్రి."